రోజులు వేరు, గంటలు వేరు: మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో డ్యూరేషన్‌నీ వర్క్‌నీ విడిగా లెక్కించే పద్ధతి

"క్లయింటు ఆమోదం: 5 రోజులు" అని ప్లాన్‌లో ఒక లైను వేసి, దాని పక్కన మన మనిషి పేరు ఒకటి పెడతాం. ఆ 5 రోజుల్లో ఆ మనిషి నిజంగా చేసేది ఒక డెమో, రెండు ఫోన్లు, ఒక మెయిలు. అన్నీ కలిపి 2 గంటలు. ప్లాన్లు వేసే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ మాత్రం అడక్కుండానే 40 గంటలు రాసేస్తుంది. ఇలాంటి లైన్లు పది పోగైతే, ఎవరూ చేయని 380 గంటల శ్రమ ప్లాన్‌లో చేరిపోతుంది. ఆ తర్వాత "ఇంతమంది ఎందుకు సరిపోవడం లేదు" అని మీటింగు పెట్టుకుంటాం.

కింద చెప్పినవి డెస్క్‌టాప్ వెర్షన్‌కి, అదీ 2010 నుంచి వచ్చినవాటికి వర్తిస్తాయి. మెనూ పేర్లు తెర మీద ఎలా ఉంటే అలాగే తెలుగు లిపిలో ఇచ్చాం.

1. మూడు అంకెలు, ఒక లెక్క

డ్యూరేషన్ అంటే పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా గడిచే పనివేళలు. రాత్రులు, సెలవులు ఇందులోకి రావు.

వర్క్ అంటే ఆ పని మీద మనుషులు పెట్టిన గంటల మొత్తం. నలుగురు కూర్చున్న గంటసేపటి మీటింగుకి డ్యూరేషన్ 1 గంట, వర్క్ 4 గంటలు.

యూనిట్స్ అంటే మనిషి తన రోజులో ఎంత భాగం ఈ పనికి ఇస్తున్నాడన్నది. రోజంతా ఇస్తే 100%, సగం రోజు ఇస్తే 50%.

వర్క్ = డ్యూరేషన్ × యూనిట్స్

10 రోజులు, రోజుకి 8 గంటలు, 50% అంటే 40 గంటలు. ఒకే పనిలో ఇద్దరుండి ఒకరు 40 గంటలు, ఇంకొకరు 16 గంటలు పూర్తికాలం చేస్తే వర్క్ 56 గంటలు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే డ్యూరేషన్ 5 రోజులే, ఎందుకంటే ఎక్కువసేపు చేసే మనిషిని బట్టే అది తేలుతుంది.

మూడింటిలో రెండు మీరిస్తే మూడోది సాఫ్ట్‌వేర్ కడుతుంది. మీరు ఒకటి మార్చినప్పుడు మిగిలిన రెండింటిలో ఏది కదలాలో ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే తనకు తోచింది కదిలిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

2. పని మొదలెట్టే ముందు: క్యాలెండర్

ఇది విసుగు పని. కానీ ఇది తప్పితే కింద కట్టే ప్రతి లెక్కా తప్పుతుంది.

రెండు చోట్ల సరిచేయాలి. మొదటిది ప్రాజెక్ట్ ట్యాబ్‌లో చేంజ్ వర్కింగ్ టైమ్. ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా పని అన్నది అక్కడ ఉంటుంది. రెండోది ఫైల్ > ఆప్షన్స్ > షెడ్యూల్. అక్కడ అవర్స్ పర్ డే 8, అవర్స్ పర్ వీక్ 40, డేస్ పర్ మంత్ 20 అని ముందే ఉంటాయి. ఈ రెండోది క్యాలెండర్ కాదు, కొలబద్ద మాత్రమే. మీరు "1 వారం" అని కొడితే అది ఎన్ని గంటలో చెప్పడానికే ఉంది. అక్కడ అంకె మార్చినంత మాత్రాన ఎవరి పనివేళలూ మారవు.

శనివారం కూడా పనిచేసే ఆఫీసుల్లో దెబ్బ తగిలేది ఇక్కడే. క్యాలెండర్‌లో శనివారాన్ని పనిదినం చేస్తారు, అవర్స్ పర్ వీక్ మాత్రం 40 దగ్గరే వదిలేస్తారు. సోమవారం మొదలయ్యే పనికి "1 వారం" అని కొడితే అది శుక్రవారమే ముగుస్తుంది. అక్కడ 48 పెట్టాలి.

రోజుకి 7 గంటల ఆఫీసైతే తప్పు ఇంకో రకంగా బయటపడుతుంది. కొలబద్ద 8 దగ్గరే ఉంటే 5 రోజుల పని 40 గంటలవుతుంది. 7 గంటల చొప్పున 5 రోజులకి 35 గంటలే తెమిలి, మిగతా 5 గంటలు ఆరో రోజుకి జారతాయి. పనులన్నీ ఎక్కించాక కొలబద్దని 7 చేసినా బాగుపడదు. పాత 5 రోజులు 5.71 రోజులుగా కనిపిస్తాయి, ఎందుకంటే లోపల నిల్వ ఉండేది గంటల లెక్కే. కాబట్టి మొదటి లైను కొట్టకముందే ఇది తేల్చుకోండి.

మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి:

☐ చేంజ్ వర్కింగ్ టైమ్ > వర్క్ వీక్స్ > డీటెయిల్స్‌లో వారంలో పనిదినాలు, భోజన విరామం సరిగా ఉన్నాయా
☐ ఎక్సెప్షన్స్ ట్యాబ్‌లో భోగి, సంక్రాంతి, కనుమ, ఉగాది, దసరా, దీపావళి, మీ ఆఫీసు ఇచ్చే మిగతా సెలవులు ఎక్కాయా
☐ జట్టు సగం హైదరాబాద్‌లో, సగం విజయవాడలో ఉంటే జూన్ 2 లాంటి ఒక రాష్ట్రపు సెలవులు ఆయా మనుషుల సొంత క్యాలెండర్లలో పెట్టారా (అమెరికాలో ఉన్నవాళ్లకీ ఇంతే)
☐ ఆప్షన్స్‌లోని మూడు అంకెలు, డిఫాల్ట్ స్టార్ట్ టైమ్, డిఫాల్ట్ ఎండ్ టైమ్ క్యాలెండర్‌తో సరిపోతున్నాయా
☐ తెర అడుగున న్యూ టాస్క్స్ పక్కన ఆటో షెడ్యూల్డ్ అని ఉందా

చివరిదాన్ని చాలామంది చూడరు. మామూలుగా అక్కడ మాన్యువల్లీ షెడ్యూల్డ్ అని ఉంటుంది. అలా ఉన్న పనిలో గంటలు రెట్టింపైనా ముగింపు తేదీ కదలదు. ఇప్పటికే ఎక్కించిన పనులుంటే అన్నీ ఎంచుకుని టాస్క్ ట్యాబ్‌లో ఆటో షెడ్యూల్ నొక్కండి.

3. ప్రతి పనికీ టైప్ తేల్చండి

పని పేరు మీద డబుల్ క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో టాస్క్ టైప్ చూడండి. ఫిక్స్‌డ్ యూనిట్స్, ఫిక్స్‌డ్ డ్యూరేషన్, ఫిక్స్‌డ్ వర్క్ అని మూడుంటాయి. "ఫిక్స్‌డ్" అన్నంత మాత్రాన ఆ అంకెకి తాళం పడదు. దాన్ని మీరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మిగతావి మార్చినప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ తనంతట తాను దాన్ని ముట్టుకోదు, అంతే.

- ఫిక్స్‌డ్ యూనిట్స్: డ్యూరేషన్ మారిస్తే వర్క్ మారుతుంది. వర్క్ మారిస్తే డ్యూరేషన్ మారుతుంది. యూనిట్స్ మార్చినా డ్యూరేషనే మారుతుంది.
- ఫిక్స్‌డ్ వర్క్: డ్యూరేషన్ తగ్గిస్తే మనిషి మీద భారం పెరుగుతుంది. యూనిట్స్ తగ్గిస్తే రోజులు పెరుగుతాయి.
- ఫిక్స్‌డ్ డ్యూరేషన్: యూనిట్స్ మారిస్తే వర్క్ మారుతుంది. వర్క్ పెంచితే రోజులు కదలవు, భారం పెరుగుతుంది.

ముందే ఎంపికై ఉండేది ఫిక్స్‌డ్ యూనిట్స్. మా సలహా వేరు. గంటల్లో అంచనా వేసిన పనులకి, అంటే కోడింగ్, డేటా ఎంట్రీ, డ్రాయింగులు, అనువాదం లాంటివాటికి ఫిక్స్‌డ్ వర్క్ పెట్టండి. ఆమోదాలు, మీటింగులు, శిక్షణ, పర్యవేక్షణ లాంటివాటికి ఫిక్స్‌డ్ డ్యూరేషన్. ఫిక్స్‌డ్ యూనిట్స్‌ని మనుషుల సంఖ్య మార్చలేని పనులకే ఉంచండి. రెండే మిషన్లున్నప్పుడు ఇద్దరే ఆపరేటర్లు కదా.

భారం ఎంతో చూడాలంటే యూనిట్స్ గడి చాలదు. మీరు డ్యూరేషన్ కుదించాక కూడా అక్కడ పాత 50% అలాగే ఉండిపోవచ్చు. టాస్క్ యూసేజ్ వ్యూలో పీక్ (అత్యధిక భారం) అనే కాలమ్ తెచ్చుకుని చూడండి.

4. మనుషుల్ని కేటాయించే వరుస

గంటల అంచనా ఉన్న పనికి ఈ వరుస పాటించండి:

1) టైప్‌ని ఫిక్స్‌డ్ వర్క్ చేయండి.
2) వర్క్ కాలమ్ తెచ్చుకుని 40 గంటలు కొట్టండి.
3) అసైన్ రిసోర్సెస్‌లో మనిషిని 50% తో పెట్టండి.
4) డ్యూరేషన్ 10 రోజులు అయిందో లేదో చూడండి. ఆ గడిలో మీరేమీ కొట్టకండి.

ఆమోదం లాంటి పనికి వరుస తిరగబడుతుంది. ఫిక్స్‌డ్ డ్యూరేషన్ ఎంచుకుని, ఎఫర్ట్ డ్రివెన్ టిక్కు తీసేసి, 5 రోజులు కొట్టి, మనిషిని 5% తో పెట్టండి. 40 గంటల్లో 5% అంటే సరిగ్గా 2 గంటలు.

ఎఫర్ట్ డ్రివెన్ గురించి ఒక్క మాట. ఆ టిక్కు ఉంటే, తర్వాత చేర్చిన మనిషి ఉన్న పనినే పంచుకుంటాడు. లేకపోతే తన గంటలు తాను తెచ్చుకుంటాడు. 80 గంటల డేటా ఎంట్రీకి రెండో మనిషి వస్తే 10 రోజులు 5 అవుతాయి, అది న్యాయమే. శిక్షణ తరగతికి ఇంకొకరు వస్తే తరగతి సగమవదు కదా. ఫిక్స్‌డ్ వర్క్‌కి ఈ టిక్కు ఎప్పుడూ ఉంటుంది, తీయడం కుదరదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మొట్టమొదటి కేటాయింపుకి ఎఫర్ట్ డ్రివెన్ వర్తించదు. వర్క్ ఏమీ కొట్టని 5 రోజుల పనికి ఇద్దర్ని ఒకేసారి పెడితే 80 గంటలు వస్తాయి. ఒకర్ని పెట్టి, ఆ తర్వాత టిక్కుతో రెండోవారిని చేరిస్తే 40 గంటలే ఉండి, రోజులు రెండున్నరకి దిగుతాయి. మనుషులు వాళ్లే, పనీ అదే, అయినా జవాబులు రెండు. వర్క్ అంకె ముందే కొట్టమనడం ఇందుకే.

చేర్చాక గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తే దాటేయకండి. దాని మీద నొక్కితే రోజులు తగ్గించాలా, గంటలు పెంచాలా అని సాఫ్ట్‌వేరే అడుగుతుంది.

మనిషి 8 గంటలూ ఒకే పని మీద ఉండడు. మెయిళ్లు, ఫోన్లు, టీ అన్నీ ఉంటాయి. అందుకని క్యాలెండర్‌ని 6 గంటలకి కుదించకండి, తేదీలన్నీ అస్తవ్యస్తమవుతాయి. కేటాయింపుని 75% చేయండి, అదే 6 గంటలు.

5. మనుషులు లేకుండా గడిచే కాలం

సర్వర్‌లో డేటా కాపీ కావడానికి 36 గంటలు పడుతుంది, అది రాత్రీ ఆదివారమూ చూడదు. స్లాబు పోశాక క్యూరింగ్ కూడా అంతే. ఇలాంటివాటికి ఎలాప్స్‌డ్ డ్యూరేషన్ వాడాలి. 36 పక్కన "ఈ, హెచ్" అనే ఇంగ్లీషు అక్షరాలు, రోజులైతే 7 పక్కన "ఈ, డి" కొట్టండి.

ఈ లైన్లకి మనిషిని తగిలించకండి. తగిలిస్తే రోజుకి 24 గంటల చొప్పున శ్రమ రాస్తుంది. స్లాబుకి నీళ్లు పెట్టే కూలీకి, కాపీ అయిందో లేదో చూసే ఆపరేటరుకి విడిగా మామూలు లైను వేయండి.

6. బేస్‌లైన్

ప్రాజెక్ట్ ట్యాబ్ > సెట్ బేస్‌లైన్. బేస్‌లైన్ అంటే తర్వాత పోల్చి చూసుకోవడానికి దాచుకునే ప్లాన్ నకలు. మనుషుల్ని కేటాయించాకే నొక్కాలి. ముందే నొక్కితే బేస్‌లైన్ వర్క్ సున్నా అని పడి, తర్వాత కనిపించే వర్క్ వేరియన్స్ (బేస్‌లైన్ గంటలకీ ఇప్పటి గంటలకీ తేడా) అంతా అబద్ధమవుతుంది. మధ్యలో కొత్త పనులు చేరితే వాటినే ఎంచుకుని, సెలెక్టెడ్ టాస్క్స్‌కి మాత్రమే పెట్టండి. మొత్తం ప్రాజెక్టుకి మళ్లీ నొక్కారంటే పాత మాట చెరిగిపోయినట్టే. మొత్తం 11 బేస్‌లైన్లు దాచుకోవచ్చు కాబట్టి, ఒప్పందం మారినప్పుడు తర్వాతి నంబరులో దాచండి.

7. వారం వారం నమోదు

ప్రతి మనిషినీ అడగాల్సినవి రెండే: ఏ రోజు ఎన్ని గంటలు పెట్టావు? ఇంకా ఎన్ని గంటలు పడుతుంది? "ఎంత శాతం అయింది" అని అడగకండి. ఆ ప్రశ్నకి ఎప్పుడూ 90 అనే జవాబు వస్తుంది.

ఉదాహరణకి రిపోర్టు మాడ్యూల్ కోడింగ్ తీసుకుందాం. 40 గంటలు, 50%, 10 రోజులు. మొదటి 5 రోజులు గడిచాయి. మనిషి వరుసగా 6, 6, 6, 5, 5 గంటలు పెట్టాడు, మొత్తం 28. ఇంకా 24 గంటలు కావాలంటున్నాడు.

1) ప్రాజెక్ట్ ట్యాబ్‌లో స్టేటస్ డేట్‌ని ఆ వారం ఆఖరి పనిదినానికి మార్చండి.
2) వ్యూ > టాస్క్ యూసేజ్ తెరవండి. కుడివైపు గళ్లలో రైట్ క్లిక్ చేసి యాక్చువల్ వర్క్‌కి టిక్కు పెట్టండి. కాలమానం రోజుల్లో కనపడేలా జూమ్ చేయండి.
3) మనిషి పేరున్న వరుసలో ఏ రోజు గంటలు ఆ రోజు గడిలో కొట్టండి.
4) ఎడమవైపు వ్యూ > టేబుల్స్ > వర్క్ ఎంచుకుని, రిమైనింగ్ గడిలో 24 కొట్టండి.
5) వర్క్ 52, వేరియన్స్ 12, మొత్తం 11 రోజులు అయిందో చూడండి. మిగిలిన 24 గంటలు రోజుకి 4 చొప్పున 6 రోజులు.

మూడో అడుగులో రోజులవారీగా కొట్టే ఓపిక లేక, ఎడమవైపు యాక్చువల్ గడిలో 28 అని ఒకేసారి కొట్టేస్తారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని రోజుకి 4 చొప్పున పరుస్తుంది. 7 రోజులకి పాకి, ఇంకా రాని సోమ, మంగళవారాల్లో పని అయిపోయినట్టు రాస్తుంది. దాని మీద 24 కలిపితే పని 13వ రోజున ముగుస్తుంది. రెండు రోజులు ఉత్తినే పోయాయి.

గడిచిన వారంలో జరగని పని గతంలోనే వేలాడుతూ ఉంటే, ప్రాజెక్ట్ ట్యాబ్ > అప్‌డేట్ ప్రాజెక్ట్‌లో రీషెడ్యూల్ అన్‌కంప్లీటెడ్ వర్క్ ఎంచుకుని స్టేటస్ తేదీ తర్వాతకి జరపండి. అసలు మొదలే కాని పనుల మీద ఇది "ఫలానా తేదీకి ముందు మొదలవకూడదు" అనే షరతు పెడుతుంది. ఆ పని ముందుకి రావలసి వచ్చినప్పుడు ఆ షరతు తీసేయాలని గుర్తుంచుకోండి.

8. రెండు శాతాలు

% కంప్లీట్ రోజుల శాతం. % వర్క్ కంప్లీట్ గంటల శాతం. పై ఉదాహరణలో 28ని 52తో భాగిస్తే 54%. మిగిలింది ఎంతో అడక్కుండా పాత 40తోనే భాగించి ఉంటే 70% వచ్చేది, అందరూ సంతోషించేవారు.

కొన్ని పనుల్ని కలిపి పైన చూపే సమ్మరీ లైనులో తేడా ఇంకా పెద్దది. క్లయింటు ఆమోదం 5 రోజులు, 2 గంటలు, పూర్తయింది. కోడింగ్ 10 రోజులు, 40 గంటలు, మొదలే కాలేదు. పైన సమ్మరీలో % కంప్లీట్ 33 అని చూపిస్తుంది, 15లో 5 కాబట్టి. % వర్క్ కంప్లీట్ 5 మాత్రమే, 42లో 2. మూడో వంతు అయిందని పైవాళ్లకి చెప్పేశాక వెనక్కి తీసుకోవడం కష్టం.

ఇంకో జాగ్రత్త. % కంప్లీట్ గడిలో మీరు 50 అని కొడితే, ప్లాన్‌లోని గంటల్లో సగం యాక్చువల్ వర్క్‌గా తనే రాసుకుంటుంది. ఎవరూ చెప్పని గంటలవి. ఆప్షన్స్ > షెడ్యూల్‌లో అప్‌డేటింగ్ టాస్క్ స్టేటస్ అప్‌డేట్స్ రిసోర్స్ స్టేటస్ అనే టిక్కు వల్ల ఇలా జరుగుతుంది. టిక్కు ఉండనివ్వండి, శాతం కొట్టడం మానేయండి. గోడ ఎంత లేచింది, ఎన్ని స్క్రీన్లు తయారయ్యాయి లాంటి కళ్లకి కనపడే ప్రగతి రాయాలంటే ఫిజికల్ % కంప్లీట్ అనే వేరే కాలమ్ ఉంది. గంటలతో గానీ రోజులతో గానీ దానికి సంబంధం లేదు.

9. తేడాలు చదవడం

వర్క్ వేరియన్స్, ఫినిష్ వేరియన్స్ (ముగింపు తేదీలో తేడా) పక్కపక్కనే పెట్టుకోండి. మన ఉదాహరణలో తేదీ జారింది ఒక్క రోజే, గంటలు మాత్రం 30% పెరిగాయి. తేదీ ఒక్కటే చూసే మేనేజరు దీన్ని పట్టించుకోడు. ఆ అదనపు గంటలు ఆ మనిషి సాయంత్రాల్లోంచి వచ్చి ఉండాలి, లేదా ఇంకో ప్రాజెక్టు నుంచి లాగి ఉండాలి. వచ్చే నెల అక్కడ చిల్లు పడుతుంది.

తేదీ జారి గంటలు అలాగే ఉంటే శ్రమలో తప్పు లేదు. ఎవరి కోసమో ఆగారు, లేదా ఇస్తామన్న 50% ఇవ్వలేదు. దీనికి ఇంకో మనిషిని చేర్చడం మందు కాదు. రెండూ పెరిగితే అంచనాయే తప్పు, అదే రకం మిగతా పనుల అంచనాలు కూడా ఇప్పుడే తిరిగి చూడండి. రెండూ తగ్గాయంటే సంబరపడే ముందు గంటలు ఎక్కించారో లేదో కనుక్కోండి.

10. తరచూ ఎదురయ్యే చిక్కులు

ముగింపు తేదీ జరిగింది, డ్యూరేషన్ మారలేదు. మనిషి సెలవు పెట్టాడు. ఒక్కరే ఉన్న 10 రోజుల పనిలో 2 రోజుల సెలవు వస్తే తేదీ 2 రోజులు జరుగుతుంది, డ్యూరేషన్ 10గానే ఉంటుంది. ఇది తప్పు కాదు, అలాగే వదిలేయండి.

సమ్మరీలో గంటలు కింది పనుల మొత్తం కన్నా ఎక్కువున్నాయి. సమ్మరీ లైనుకే ఎవరినో కేటాయించారు. ఆ పేరు తీసి, పర్యవేక్షణ అని కింద ఒక ఫిక్స్‌డ్ డ్యూరేషన్ లైను వేసి 10% తో పెట్టండి.

సమ్మరీ డ్యూరేషన్ కింది పనుల మొత్తానికి సరిపోదు. సరిపోకూడదు కూడా. గంటలు కూడుకుంటూ పైకి వెళతాయి, రోజులు అలా కూడవు. సమ్మరీకి మొదటి పని ఆరంభం నుంచి చివరి పని ముగింపు దాకా ఉన్న కాలమే డ్యూరేషన్.

సిమెంటు, ఇసుక కేటాయిస్తే గంటలు పెరిగాయి. వాటిని రిసోర్స్ షీట్‌లో వర్క్ రకంగా ఎక్కించారు. టైప్ కాలమ్‌లో మెటీరియల్ చేసి, కొలతకి బస్తా, టన్ను లాంటి పేరు ఇవ్వండి.

ఇద్దరు పనివాళ్లు ఒకే పనిలో ఉన్నా ఒకరి గంటలే కనిపిస్తున్నాయి. రిసోర్స్ పేరు "టెస్టర్లు" అని ఒకటే ఉండి, కేటాయింపు 100% దగ్గర ఆగిపోయింది. రిసోర్స్ షీట్‌లో మ్యాక్స్ యూనిట్స్ 200% చేసి, కేటాయింపులోనూ 200% కొట్టండి. ఆ పని ఫిక్స్‌డ్ వర్క్ అయితే ముందు వర్క్ అంకె ఇద్దరి గంటలకీ కలిపి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే గంటలు పెరగకుండా రోజులు సగమైపోతాయి.